బ్లాక్ పుడ్డింగ్ మొదటిసారి తినేవాళ్లకు

పేరులో పుడ్డింగ్ ఉంది కదా అని తీపి అనుకోకండి. రక్తంలో కొవ్వు, ఓట్స్ లేదా బార్లీ, ఉల్లిపాయ కలిపి, పేగులోనో ప్లాస్టిక్ పొరలోనో కూరి ఉడికించిన సాసేజ్ అది. మామూలుగా పంది రక్తమే. స్కాట్లండ్‌లో లూయిస్ దీవి నుంచి వచ్చే స్టోర్నోవే రకానికి మంచి పేరు. మన పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ ట్యాగ్ ఉన్నట్టే దానికీ 2013లో అలాంటి గుర్తింపు వచ్చింది. అందులో వేసేది గొడ్డు కొవ్వు. కాబట్టి ఏది కొన్నా ముందు లేబుల్ చదవండి. గ్లూటెన్ పడనివాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి.

మాది కరీంనగర్ వైపు. ఇంట్లో యాటను కోస్తే ముందు పొయ్యి ఎక్కేది నల్లే, అంటే దాని రక్తం. అందుకే మాంచెస్టర్‌లో మా రూమ్మేట్లు మొహం తిప్పుకున్నా నాకు టెన్షన్ అనిపించలేదు. ఆ ధీమాతోనే దాన్ని చిదిమి, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేసి నల్ల వేపుడు చేయబోయాను. ఓట్స్ ముద్దయి పెనానికి పట్టేసింది. పైగా పైపొర ప్లాస్టిక్ అని చూసుకోలేదు. వంటింట్లో ఆ కంపు సాయంత్రం దాకా పోలేదు.

సూపర్ మార్కెట్లో బేకన్ పక్కనే ఫ్రిజ్‌లో దొరుకుతుంది. పొర ప్లాస్టిక్ అయితే వలిచేసి, బొటనవేలు మందాన బిళ్లలు కోయండి. మరీ పల్చగా కోస్తే తిప్పేటప్పుడు విరిగిపోతాయి. ముందే ఉడికించి అమ్ముతారు కాబట్టి మన పని వేడిచేసి అంచులు కరకరలాడించడమే. పెనం మీద చెంచాడు నూనె, మధ్యస్థంగా మంట, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు. మధ్యలో కదపకండి, ఒక్కసారే తిప్పండి. చల్లారితే కొవ్వు నాలుకకు అంటుకుంటుంది, వేడిమీదే తినాలి.

మొదట సగం బిళ్ల చాలు. పచ్చసొన కారే గుడ్డు, వేయించిన టమాటా పక్కన పెట్టుకోండి. నల్ల తిన్నవాళ్లకు రుచి కొత్తగా ఉండదు, కాస్త కార్జం గుర్తొస్తుంది. కొత్తగా ఉండేది పంటికి తగిలే గింజ. కారం మాత్రం ఉండదు, మిరియాల ఘాటే. పులుపు కావాలంటే హెచ్‌పీ సాస్ వేసుకోండి, అందులో చింతపండు ఉంటుంది! నేను రెండు చెంచాలు పోసుకుంటాను, ఇక్కడివాళ్లు వింతగా చూస్తారు.

మాంచెస్టర్ నుంచి ట్రామ్ ఎక్కితే అరగంటలో బరీ అనే ఊరు. అక్కడి మార్కెట్లో ఉడికించిన బ్లాక్ పుడ్డింగ్‌ను వేడిగా చీల్చి ఆవ ముద్ద రాసిస్తారు. మెత్తగా, తడిగా ఉంటుంది. అక్కడివాళ్లు అసలు రుచి అదేనంటారు కానీ, నాకు మూడోసారికి గానీ మింగుడు పడలేదు. మీరు పెనం మీద కాల్చిందే ముందు తినండి.