షుగర్ పుస్తకంలో టెన్షన్‌కు కూడా ఒక గడి పెట్టండి

ఇంట్లో ఎవరికైనా షుగర్ పెరిగిందంటే మన నోట వచ్చే మొదటి మాట "ఏం తిన్నవ్?" మా ఇంట్లోనూ అంతే. బాపు మిర్చి బస్తాలు తీసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయి, తెల్లారి జెండా పాట (వేలంలో మొదట పలికే ధర) ఎంత పలుకుతుందోనని రాత్రంతా బస్తాల మీదే జాగారం చేసి, పొద్దున ఏమీ తినకుండా ఇంటికొచ్చాక చూస్తే 210. చాటుగా ఏదో తిన్నాడనే అనుకున్నాం, అని బాధపెట్టాం కూడా. తప్పు మాదే.

టెన్షన్ పడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఆపద వచ్చింది, పరుగెత్తడానికి బలం కావాలి అన్నట్టుగా కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. కానీ ధర కోసం, అప్పు కోసం, పిల్ల పెళ్లి కోసం కూర్చుని ఆలోచించే మనిషి పరుగెత్తడు కదా, ఆ గ్లూకోజ్ రక్తంలోనే ఉండిపోతుంది. టైప్ 2 (ఎక్కువమందికి ఉండే షుగర్) ఉన్నవాళ్లలో ఎక్కువగా ఇలా పెరుగుతుంది, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం)లో కొందరికి పెరిగితే కొందరికి తగ్గుతుంది. దీనికి తోడు నిద్ర చెడుతుంది, మాత్ర మర్చిపోతాం, వేళకు తినం, చక్కెర టీలు నాలుగు ఎక్కువ తాగుతాం.

మీ విషయంలో ఎంత నిజమో తెలుసుకోవాలంటే రెండు వారాలు ఈ పని చేయండి. షుగర్ రాసుకునే పుస్తకంలో ఇంకో గడి గీసి, వేలికి సూది గుచ్చకముందే ఇప్పుడు మనసులో టెన్షన్ ఎంతుందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయండి. ముందే వేయాలి, ఎందుకంటే మీటర్‌లో 240 కనబడ్డాక ఎవరికైనా టెన్షన్ పెరుగుతుంది. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చాలు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో పక్కనే రాయండి. రెండు వారాలయ్యాక రెండు అంకెలూ కలిసి పెరుగుతున్నాయేమో చూసి, ఆ పుస్తకం డాక్టర్ ముందు పెట్టండి. మందు డోసు మాత్రం మీకు మీరు మార్చొద్దు.

ఒక్క చోట చాలా జాగ్రత్త. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ టెన్షన్‌లోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. కాబట్టి ముందు మీటర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటర్ చేతిలో లేకపోతే తక్కువే అనుకుని చక్కెర తీసుకోవడం మంచిది. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. టెన్షన్ దిగాలని ఖాళీ కడుపుతో కల్లో మందో తాగితే, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోయే ప్రమాదముంది, ఇది మన ఊళ్లలో ఎవరూ చెప్పరు.

తిన్నాక 15 నిమిషాలు నడవండి, భద్రకాళి చెరువు కట్ట అయినా సరే, మీ వాడకట్టు అయినా సరే. కండరాలు కదిలితే గ్లూకోజ్ ఖర్చవుతుంది, మనసు కూడా కాస్త తేలికవుతుంది. పడుకునే ముందు ఐదు నిమిషాలు మెల్లగా ఊపిరి తీసి, అంతకంటే మెల్లగా వదలండి.

షుగర్ జబ్బే ఒక టెన్షన్ అయిపోయి, మీటర్ ముట్టుకోవాలంటేనే భయం వేస్తుంటే, లేదా రెండు వారాలుగా దేని మీదా మనసు పోకపోతే, అది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన లక్షణమే. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాపుతో మొదటిసారి ఫోన్ చేయించినప్పుడు నేను పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేశాను, ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు.