జబ్బు, నాటువైద్యం మీద ఏకపాత్ర హాస్యం: రాయడం, తీయడం

ముందు జబ్బు ఎంచుకోండి. డాక్టరు ఆపరేషన్ అన్న రోజుకీ, రోగి సరేనన్న రోజుకీ మధ్య ఎంత వ్యవధి ఉంటే కథకు అంత చోటు. కంటి శుక్లం ఇందుకు బాగా కుదురుతుంది. నెమ్మదిగా ముదురుతుంది, ఏ చుక్కల మందుకూ కరగదు, చివరికి మసకబారిన కటకం తీసి కొత్తది పెట్టించుకోవాల్సిందే. ఈలోపు రోగి నాటువైద్యుల కోసం ఊరంతా తిరగొచ్చు. రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడటం, గుండెపోటు, పక్షవాతం మాత్రం వద్దు. వాటిలో ఆలస్యమే ముప్పు. ఆ తిరుగుడును సరదాగా చూపిస్తే చూసినవాళ్లలో ఎవరో ఒకరు అలాగే చేస్తారు.

నెల్లూరు నుంచి కంటి వైద్యానికి చెన్నై వచ్చి బంధువుల ఇంట్లో దిగిన పెద్దాయన్ని తీసుకోండి. ఆ ఇంట్లో ప్రతివాళ్లకీ ఒక వైద్యుడు తెలుసు. ఒకరు తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధ కోసం తాంబరం శానటోరియంలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సిద్ధకి వెళ్లమంటారు, ఇంకొకరు హోమియో అంటారు. విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టు మహిమను కంటిరోగికి వర్ణించే బావగారు ఒకరుంటే ఇల్లు నిండినట్టే.

నవ్వు రోగి భయంలోంచి పుట్టాలి. వైద్యుణ్ణి వెక్కిరిస్తే రెండు నిమిషాల్లో సరుకు అయిపోతుంది. మూడు వేళ్లతో నాడి పట్టి వాతం, పిత్తం, కఫం చూసే తీరు, హోమియో డాక్టరు దాహం గురించీ కలల గురించీ అడిగే ప్రశ్నలూ ఉన్నవున్నట్టు చేయండి. కంటి కోసం వచ్చినవాడు కలల గురించి జవాబు వెతుక్కోవడంలోనే హాస్యం ఉంది. పథ్యాలు ఒకదాని మీద ఒకటి పేర్చండి: ఒకరు వంకాయ, ఒకరు గోంగూర, ఒకరు చింతపండు మానమంటారు. చివరికి కంచంలో మజ్జిగన్నమే మిగలాలి. వైద్యుడి తమిళం ఒక్క ముక్క చాలు: "పత్తియం ముఖ్యం." వెంటనే రోగి "పథ్యమా సామీ, ఎన్నాళ్లు?" అంటే అర్థం అందిపోతుంది, తెర మీద అనువాదం అక్కర్లేదు.

చెన్నైలో చిత్రీకరణకు మొదటి అడ్డంకి ఏసీ మోత. అరగంట ముందు గది చల్లబరిచి, ఏసీ, ఫ్యాన్ ఆపి, పదిహేను నిమిషాల ముక్కలుగా తీయండి. తెల్లవారుజామున ఆటోలు తక్కువే గానీ కాకులు మొదలవుతాయి. రాత్రి భోజనాలయ్యాక నయం. కాలరు మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. గంజి పెట్టిన చొక్కా కదిలినప్పుడల్లా గరగరమంటుంది, కాబట్టి ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కా వేయండి. గొంతు హెచ్చినప్పుడు రికార్డింగులో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. ఖాళీ గది నిశ్శబ్దం అర నిమిషం విడిగా రికార్డు చేస్తే, ఎడిటింగ్‌లో అతుకులు దాచడానికి పనికొస్తుంది.

కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్. 1/60 మీద వదిలేస్తే ట్యూబులైటు వెలుగులో గోడ మీద చారలు పాకుతాయి. కళ్లద్దాల్లో లైటు మెరుస్తుంటే లైటు స్టాండు ఎత్తు పెంచండి. అయినా పోకపోతే అద్దాల కాడల్ని చెవుల మీద కొద్దిగా పైకి లేపండి. అద్దం కిందికి వాలి మెరుపు తప్పుకుంటుంది. తెర మీద ఆ తేడా తెలియదు.

ఎదురుగా పదిహేనుమందిని కూర్చోబెట్టి, వాళ్ల నవ్వుకు వేరే మైకు పెట్టండి. నవ్వు సగంలో ఉండగా కత్తిరించకండి. "ఆపరేషన్" అన్న మాట తరవాతి మౌనాన్నీ తగ్గించకండి.

చివర్లో ఏ వైద్యుడి ఫోన్ నంబరూ వేయొద్దు, వేస్తే ప్రకటనలా కనిపిస్తుంది. మధుమేహం, క్యాన్సర్, శుక్లం వంటివి నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. విడుదలకు ముందు ఒక కంటి డాక్టరుకు మొత్తం చూపించండి. తప్పు మాట దొరికితే ఆ ముక్క మళ్లీ తీయాలి. అందుకని అప్పటిదాకా ఆ చొక్కా, అద్దాలు విడిగా దాచండి, లైటు స్టాండ్లు పెట్టిన చోట నేల మీద టేపు గుర్తులు అలాగే ఉంచండి.