ట్రియెస్టేలో ప్రముఖుల్ని వెతకాలంటే ముందు వాళ్ళ జీతం సంగతి అడగండి

ఐసీటీపీలో, అంటే అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతిక శాస్త్ర కేంద్రంలో, వర్క్‌షాప్ ఉందని ఇటలీలోని ట్రియెస్టే వెళ్ళే మన ఫిజిక్స్ వాళ్ళు ఊరు చూసే పద్ధతి ఒకటుంది. శనివారం పొద్దున్న బస్సెక్కి సముద్రం ముందున్న పెద్ద కూడలిలో ఫొటో దిగుతారు. ఐరిష్ రచయిత జాయిస్ విగ్రహం భుజం మీద చెయ్యేసి ఇంకోటి దిగుతారు. మధ్యాహ్నం భోజనానికల్లా గెస్ట్‌హౌస్‌లో ఉంటారు. "చిన్న ఊరేగా, అయిపోయింది" అంటారు. నేనూ ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేదాన్నే, సాహిత్యం నా సబ్జెక్టు కాదు. కానీ అక్కడున్నప్పుడు వారాంతాలన్నీ ఈ ఊరి మనుషుల్ని వెతకడానికే ఖర్చుపెట్టాను. ఆ పనికి ఒక పద్ధతి కుదిరింది. రెండు రోజులు ఖాళీ దొరికితే మీకూ పనికొస్తుంది.

విగ్రహం ముందు నిలబడి "ఈయన ఏం సాధించాడు" అని అడిగితే ఫోన్‌లో కనిపించే నాలుగు ముక్కలే వస్తాయి. "ఈయనకి ఇక్కడ జీతం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు" అని అడగండి. ఇది రేవు పట్నం. పేరున్నవాళ్ళలో చాలామంది పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు, లేదా ఓడ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయినవాళ్ళు. జీతం సంగతి తెలిస్తే మనిషీ తెలుస్తాడు, ఊరూ తెలుస్తుంది.

బయల్దేరే ముందు చిన్న నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద కొన్ని తేదీలు రాసుకోండి. 1382లో ఊరు ఆస్ట్రియా రాజవంశం హాబ్స్‌బర్గ్‌ల రక్షణలోకి వెళ్ళింది. 1719లో ఆరో చార్లెస్ చక్రవర్తి దీన్ని సుంకాల్లేని రేవుగా ప్రకటించాడు. ఆయన కూతురు మరియా థెరీసా హయాంలో ఉప్పుమడులు పూడ్చి కొత్త పేట కట్టారు. 1857లో వియన్నా నుంచి రైలొచ్చింది. 1918 నవంబరులో ఇటలీ సైన్యం దిగింది. 1945 నుంచి 1954 దాకా ఊరు మిత్రరాజ్యాల సైనిక పాలనలో ఉండి, ఆ తర్వాత మళ్ళీ ఇటలీకి వచ్చింది. ఈ పేజీ లేకపోతే ఆస్ట్రియా పౌరుడు ఇటాలియన్‌లో ఎందుకు రాశాడు, స్లొవేనియన్ రచయిత ఇక్కడెందుకు పుట్టాడు అని ప్రతి మూలలో తికమకపడతారు.

మొదటి రోజు రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న పార్కు దగ్గర మొదలుపెట్టండి. 1904 అక్టోబరులో జేమ్స్ జాయిస్, ఆయన సహచరి నోరా రైలు దిగారు. ఆయనకి ఇరవై రెండేళ్ళు, చేతిలో చిల్లిగవ్వ లేదు. నోరాని ఈ పార్కులో కూర్చోబెట్టి డబ్బు, బస వెతుక్కుంటానని ఊళ్ళోకెళ్ళాడు. పెద్ద కూడలిలో తాగి గొడవపడుతున్న ఇంగ్లిష్ నావికుల మధ్యలో దూరి, వాళ్ళతోపాటు అరెస్టయ్యాడు. భాష రాని ఊళ్ళో, పరిచయమున్న మనిషి ఒక్కరూ లేకుండా, నోరా గంటల తరబడి ఇక్కడే కూర్చుంది. మహారచయిత గారి ట్రియెస్టే జీవితం ఇలా మొదలైందని తెలిశాక, కాలువ వంతెన మీద టోపీ పెట్టుకుని నడుస్తున్న ఆ కంచు విగ్రహం నాకు వేరేగా కనిపించింది. దాని కింద "నా ఆత్మ ట్రియెస్టేలో ఉంది" అన్న మాట ఉంటుంది. 1909లో డబ్లిన్ నుంచి నోరాకి రాసిన ఉత్తరంలోది.

స్టేషన్ నుంచి ఆ వంతెనకి పది నిమిషాల నడక. అక్కడ ఎక్కువసేపు ఆగొద్దు. పక్కనే ఉన్న శాన్ నికొలో వీధికి వెళ్ళండి. నా లెక్కలో మొత్తం ఊళ్ళో ఎక్కువ టైమ్ ఇవ్వాల్సిన చోటు ఇదే. 32వ నంబరులో బెర్లిట్జ్ అనే భాషల స్కూలు ఉండేది. జాయిస్‌కి జీతమిచ్చింది అదే. ఓడల కంపెనీల గుమాస్తాలకి, నౌకాదళం వాళ్ళకి ఇంగ్లిష్ కావాలి కాబట్టి ఆయనకి ఉద్యోగం దొరికింది. మొదట పోలా అనే ఇంకో రేవు ఊరికి పంపారు, 1905లో తిరిగి ఇక్కడికి తెచ్చారు. పక్కనున్న 30వ నంబరు ఇంట్లో కాపురం, అక్కడే ఆ జులైలో కొడుకు జార్జియో పుట్టాడు. ఇప్పుడు అదే 30వ నంబరు కింది అంతస్తు చూడండి. 1919లో ఉంబెర్తో సాబా అనే కవి అక్కడున్న పాత పుస్తకాల షాపు కొనుక్కున్నాడు. జీవితాంతం ఆ షాపే ఆయనకి అన్నం పెట్టింది. ఒకే గుమ్మం, ఇద్దరు రచయితలు. కాస్త ముందుకెళితే కర్ర పట్టుకుని నడుస్తున్న సాబా విగ్రహం కనిపిస్తుంది. దాని నోట్లోని పైపుని దొంగలు పదేపదే ఎత్తుకుపోతుంటారు, కాబట్టి మీరు వెళ్ళినరోజు అది ఉంటే అదృష్టమే.

జాయిస్ ప్రైవేటు ట్యూషన్లు కూడా చెప్పేవాడు. ఆ శిష్యుల్లో ఒకాయన ఎత్తోరె ష్మిత్స్, వయసులో గురువు కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. చాలా ఏళ్ళు బ్యాంకులో గుమాస్తా. తర్వాత మామగారి రంగుల ఫ్యాక్టరీలో చేరాడు. ఓడల అడుగున నాచు, నత్తలు పట్టకుండా పూసే రంగు అది. నౌకాదళాలు దాన్ని కొనేవి, లండన్ దగ్గర శాఖ కూడా పెట్టారు, అందుకే ఆయనకి ఇంగ్లిష్ అవసరమైంది. ఇటాలో స్వెవో అనే పేరుతో అప్పటికే రెండు నవలలు రాసి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి మానేసి కూర్చున్నాడు. వాటిని చదివి బాగున్నాయన్నది ఈ ట్యూషన్ మాస్టారే. 1923లో 'జెనో అంతరంగం' నవల వచ్చింది, దాన్ని పారిస్ విమర్శకుల చేతిలో పెట్టిందీ జాయిసే. జాయిస్ నవల 'యులిసిస్'లోని నాయకుడు బ్లూమ్‌లో స్వెవో పోలికలున్నాయని చాలామంది అంటారు. ఓడల రంగు వ్యాపారం లేకపోతే ఈ ఇద్దరికీ పరిచయమే అయ్యేది కాదు. హోర్టిస్ కూడలికి వెళితే స్వెవో విగ్రహం, ఆయన ఆఫీసయ్యాక వచ్చి చదువుకున్న లైబ్రరీ చూడొచ్చు.

జాయిస్ తమ్ముడు స్టానిస్లాస్‌ని మర్చిపోకండి. అన్న అప్పులు తీర్చడం, అన్నని సారా కొట్ల నుంచి ఇంటికి లాక్కురావడం ఆయన వంతు. అన్న వెళ్ళిపోయాక కూడా ఇక్కడే ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటూ, 1955లో జూన్ 16న పోయాడు. 'యులిసిస్' కథ జరిగే తేదీ కూడా అదే. ఎవరైనా కల్పించి రాస్తే మనం నమ్మం.

అక్కడినుంచి యూనిటా కూడలి, అంటే సముద్రం ముందున్న ఆ పెద్ద కూడలి, దగ్గరే. మధ్యలో ఒక నేరో తాగండి. కప్పులో వచ్చే చిన్న కాఫీ, నిలబడి తాగితే చవక. ఇల్లీ కాఫీ పుట్టిందీ ఇక్కడే, 1933లో, హంగేరీ సంతతి ఫ్రాన్సెస్కో ఇల్లీ చేతుల మీద.

కూడలిలో పెద్ద హోటలున్న చోట పూర్వం ఒక సత్రం ఉండేది. 1768లో యోహాన్ వింకెల్‌మాన్ అక్కడ దిగాడు. గ్రీకు శిల్పాన్ని ఎలా చూడాలో యూరప్‌కి నేర్పిన పండితుడు, జీతం రోమ్‌లో, పోప్ కొలువులో. వియన్నాలో మరియా థెరీసాని కలిసి తిరిగి వెళుతూ, అంకోనాకి ఓడ దొరక్క రోజులు వెళ్ళదీస్తున్నాడు. పక్క గదిలో ఫ్రాన్సెస్కో ఆర్కాంజెలి అనే నిరుద్యోగితో స్నేహమైంది. మహారాణి ఇచ్చిన బంగారు, వెండి పతకాలు అతనికి చూపించాడు. జూన్ 8న అతను కత్తితో పొడిచేశాడు, ఆయన ఆ సాయంత్రమే పోయాడు. జులైలో హంతకుణ్ణి ఆ సత్రం ముందే చక్రానికి కట్టి చంపారు. ఈ కథ కూడలిలో నిలబడి చదువుకుని, శాన్ జుస్తో గుట్ట ఎక్కండి. కెథెడ్రల్ పక్కన మ్యూజియం తోటలో, విరిగిన రోమన్ రాళ్ళ మధ్య, 1833 నాటి ఆయన స్మారకం ఉంది. ఎక్కడం కాస్త ఆయాసమే. సోమవారాలు మ్యూజియంలు మూసే అలవాటుంది కాబట్టి ముందే చూసుకోండి.

వింకెల్‌మాన్ పుట్టిన ఊరి పేరునే తన కలంపేరు చేసుకున్నాడని చెప్పే ఫ్రెంచి రచయిత స్టెంధాల్ కూడా ఇక్కడికొచ్చాడు, 1830లో కాన్సల్‌గా, అంటే ఈ రేవులో తన దేశ ప్రతినిధిగా. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ఒప్పుకోలేదు, కొన్ని నెలల్లోనే మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. బోరా అనే ఇక్కడి ఈదురుగాలిని ఉత్తరాల్లో తిట్టుకోవడం తప్ప ఊరికి ఆయన మిగిల్చింది పెద్దగా లేదు.

అదే కాన్సల్ ఉద్యోగం రిచర్డ్ బర్టన్‌కి మాత్రం బాగా కలిసొచ్చింది. సింధులో సైన్యంలో పనిచేసి, మారువేషంలో మక్కా వెళ్ళొచ్చిన మనిషి. 1872లో బ్రిటన్ ఆయన్ని ఇక్కడ పడేసింది. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఇంట్లో ఒక్కో పుస్తకానికి ఒక్కో బల్ల వేసుకుని రాసేవాడట. కామసూత్ర ఇంగ్లిష్ అనువాదం 1883లో వెలువడిందీ, అరేబియన్ నైట్స్ సంపుటాలు పూర్తయిందీ ఈ ఉద్యోగంలో ఉండగానే. 1890లో ఇక్కడే పోయాడు, భార్య ఇసబెల్ ఆయన చివరి రాతప్రతిని కాల్చేసింది. ప్రభుత్వ జీతం మీద ఇంత సాహిత్యం పండించిన ఉద్యోగి ఇంకొకరు నాకు గుర్తురావడం లేదు.

సాయంత్రం ఓపికుంటే ఫిల్జి వీధిలో నారొద్ని దోమ్ చూడండి. స్లొవేనియన్ల సాంస్కృతిక భవనం. 1920 జులై 13న ఫాసిస్టులు తగలబెట్టారు. ఆ మంటల్ని ఆరేళ్ళ పిల్లాడిగా చూసిన బోరిస్ పహోర్ తర్వాత నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డాడు, స్కూలు టీచరుగా పనిచేస్తూ స్లొవేనియన్‌లోనే రాశాడు, 2022లో 108 ఏళ్ళ వయసులో పోయాడు. సరిగ్గా నూరేళ్ళకి, 2020లో అదే తేదీన, భవనాన్ని స్లొవేనియన్లకి తిరిగిస్తూ పత్రాలు రాసుకున్నారు.

శాన్ జొవాన్ని పార్కుకి రెండో రోజు పొద్దున్నే వెళ్ళండి. ఒకప్పుడు అదంతా మానసిక ఆసుపత్రి. 1971లో ఫ్రాంకో బజాలియా డైరెక్టరుగా వచ్చేసరికి లోపల వెయ్యిమందికి పైగా ఉన్నారు. ఆయన తలుపులు తీయించాడు. 1973లో రోగులు, కళాకారులు కలిసి చెక్క, కాగితపు గుజ్జుతో పెద్ద నీలి గుర్రం చేశారు. ఆసుపత్రిలో బట్టల బండి లాగిన నిజం గుర్రం పేరే పెట్టారు, మార్కో కవాలో. ఊరేగింపుగా బయటికి తెద్దామంటే అది ద్వారంలో పట్టలేదు. ద్వారాన్నే బద్దలుకొట్టి తీసుకెళ్ళారు. 1978లో ఇటలీ మానసిక ఆసుపత్రుల్ని మూసేసే చట్టం తెచ్చింది. గోడ మీద "స్వేచ్ఛే చికిత్స" అని ఇటాలియన్‌లో రాసి ఉంటుంది. ఇప్పుడు చుట్టూ గులాబీ తోట. మనసు చదువుకి ఈ ఊరితో బంధుత్వం పాతది. 1876లో వియన్నా విద్యార్థి ఒకడు ఇక్కడి జంతుశాస్త్ర కేంద్రంలో నాలుగొందల దాకా మలుగుచేపల్ని కోసి, వాటి వృషణాలు ఎక్కడున్నాయో వెతికాడు. తృప్తిగా తేల్చలేకపోయాడు. ఆ కుర్రాడే తర్వాత మనోవిశ్లేషణకి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్.

తర్వాత గ్రిన్యానో వైపు వెళ్ళే 6వ నంబరు బస్సెక్కండి. టికెట్ పొగాకు షాపుల్లో ముందే కొని, బస్సులో మిషన్‌లో ముద్ర వేయించాలి. మిరామారె కోట పార్కుకి టికెట్ లేదు, కోట లోపలికి ఉంది. కట్టించినవాడు మాక్సిమిలియన్, ఆస్ట్రియా నౌకాదళాధిపతి, చక్రవర్తి తమ్ముడు. లోపల ఆయన గదిని 'నొవారా' యుద్ధనౌకలోని క్యాబిన్‌లా కట్టించుకున్నాడు, కప్పు కిందికి, గోడలన్నీ చెక్క. ఆ గదిలో తప్పకుండా ఆగండి. 1864లో మెక్సికో చక్రవర్తి పదవికి ఆశపడి నొవారా ఎక్కింది ఇక్కడే. 1867 జూన్‌లో అక్కడ తుపాకులతో కాల్చి చంపారు. శవాన్ని తెచ్చింది కూడా అదే ఓడ. భార్య షార్లట్‌కి మతి చలిస్తే, పార్కులోనే ఉన్న చిన్న కోటలో కొన్ని నెలలు ఉంచారు.

ఆ చిన్న కోట దగ్గర ఫిజిక్స్ వాళ్ళు ఇంకాసేపు నిలబడాలి. 1960లో కణభౌతిక శాస్త్ర సమావేశం జరిగింది అక్కడే. స్థానిక ప్రొఫెసర్ పావొలో బుదినిచ్, లండన్ నుంచి వచ్చిన అబ్దుస్ సలామ్ కలిసి ఐసీటీపీ ఆలోచన పెంచారు. లాహోర్‌లో పాఠాలు చెబుతూ, మాట్లాడుకోవడానికి ఒక్క సహశాస్త్రవేత్త లేక, 1954లో దేశం వదిలిన మనిషి సలామ్. ఆ గతి ఇంకొకరికి పట్టకూడదని ఈ కేంద్రం పెట్టాడు. సొంత దేశంలో ఉద్యోగం వదలకుండా అప్పుడప్పుడూ ఇక్కడికొచ్చి పనిచేసుకుని వెళ్ళే పథకం ఆయన చలవే. 1964లో మొదలైంది, 1979లో ఆయనకి నోబెల్ వచ్చింది. నాలాంటివాళ్ళ విమానం టికెట్ వెనక ఉన్నది ఆయన దేశాంతరమే కాబట్టి ఈ విషయంలో నేను నిష్పక్షపాతిని కాదు.

ఇంకా పొద్దుంటే సముద్రం ఒడ్డున కోట ఉన్న దువీనో ఊరు. 1906 సెప్టెంబరు 5న, కుటుంబంతో సెలవులకొచ్చిన భౌతిక శాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్జ్‌మాన్ అక్కడ ప్రాణం తీసుకున్నాడు. ఎంట్రోపీ సూత్రం ఆయన సమాధి రాతి మీద ఉంది, కానీ అది వియన్నాలో. దువీనోలో జనం వెతికేది జర్మన్ భాషా కవి రిల్కేని. 1912 జనవరిలో యువరాణి మరీ అతిథిగా కోటలో ఉండి 'దువీనో ఎలిజీలు' అనే విషాద కవితలు మొదలుపెట్టాడు. జీతం కాలమ్‌లో ఈయనకి "ఆతిథ్యం" అని రాసుకోండి. సిస్తియానా దాకా కొండంచున రిల్కే పేరు పెట్టిన బాట ఉంది, రెండు కిలోమీటర్లుంటుంది. చెప్పులతో వెళ్ళొద్దు, సున్నపురాయి మొనలు తేలి ఉంటుంది. బోరా వీచే రోజైతే ఆ బాట జోలికే వెళ్ళకండి, గాలి గంటకి వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి దిగగానే స్టాపులోని తిరుగు బస్సుల పట్టికని ఫొటో తీసుకోండి.