రోజుకు ఆరు పీరియడ్లు చెప్పినా గొంతు బొంగురుపోకుండా ఉండాలంటే

పంతొమ్మిదేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. శుక్రవారం వచ్చేసరికి స్టాఫ్ రూములో సగం మందికి గొంతు జీరబోయి ఉంటుంది. అందరి చేతుల్లోనూ మిరియాల కషాయం ఫ్లాస్కు. ఒకరి బుగ్గన కరక్కాయ ముక్క.

కావాల్సినవి: నీళ్ల సీసా, గాజు గ్లాసు, కొబ్బరిబోండాంలో వేసిచ్చే లాంటి స్ట్రా. స్టీలు గ్లాసు వద్దు, లోపల ఏం జరుగుతోందో కనపడదు.

ముందు తేలిక పనులు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య రెండు గుక్కల నీళ్లు. చల్లనివా వేడివా అన్న పంచాయితీ అనవసరం. మనం మింగేది ఏదీ స్వరతంత్రులకు, అంటే గొంతులో కంపించి మాట పుట్టించే మడతలకు, తగలదు, తగిలితే పొలమారుతుంది. నీళ్లు ఒంట్లోకి చేరాకే స్వరతంత్రులు తడిగా ఉంటాయి, అందుకే దాహం వేసేదాకా ఆగకూడదు. కషాయం హాయిగా ఉంటుంది, కాదనను. గొంతును బాగుచేసింది మాత్రం అది కాదు. క్లాసులో "సైలెన్స్" అని అరవకండి, డస్టర్‌తో బల్ల మీద కొట్టండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. కడుపులో ఆమ్లం పైకి తన్నితే పొద్దున్నే గొంతు రాసినట్టు ఉంటుంది.

ఇక స్ట్రాతో గొంతు కసరత్తు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

గ్లాసు సగం వరకు నీళ్లు పోసి, స్ట్రాను రెండు వేళ్ల మందం లోతు ముంచండి. పెదాలు స్ట్రా చుట్టూ గాలి పోకుండా మూయాలి, బుగ్గలు మాత్రం వదులుగా ఉండాలి. ఇప్పుడు "ఊ..." అని నెమ్మదిగా పలకండి. బుడగలతో పాటు శబ్దం కూడా రావాలి. చాలామంది ఉత్త గాలి ఊది బుడగలు తెప్పిస్తారు, అది చిన్నపిల్లలు షర్బత్‌తో ఆడే ఆట. మా ఇంగ్లీషు టీచరైతే నీళ్లు బల్ల మీద చిందేలా ఊది, మెడ నరాలు ఉబ్బించుకుని "ఏమీ తేడా లేదండీ" అన్నారు. ఎందుకుంటుంది?

శబ్దం చేస్తూనే రెండు వేళ్లతో ముక్కు మూయండి. శబ్దం మారినా, ఆగినా గాలి ముక్కులోంచి పోతోందని అర్థం. మళ్లీ మొదలుపెట్టండి. సరిగ్గా వస్తే పెదాల దగ్గర, ముక్కు పక్కన సన్నగా జుమ్మంటుంది. గొంతులో ఏమీ తెలియకూడదు. నొప్పి తెలిస్తే ఆపేయండి. అది కుదిరాక కింది స్థాయి నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ పలకండి. గడ్డం ఎత్తకూడదు. మొదటి పీరియడ్‌కు ముందు మూడు నిమిషాలు, ఆఖరి పీరియడ్ అయ్యాక మూడు నిమిషాలు.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మగవాళ్లలో సెకనుకు 100కు పైగా, ఆడవాళ్లలో 200 దాకా కంపిస్తాయి. అరిస్తే ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. స్ట్రాలో పలికితే నోట్లో నిలిచిన గాలి వెనక్కి నెట్టి ఆ దెబ్బను తగ్గిస్తుంది. ఈ పని కరక్కాయ వల్ల కాదు.

మాటిమాటికీ "ఖళ్ ఖళ్"మని గొంతు సవరించుకోవడమూ దెబ్బే. ఒక గుటక నీళ్లు మింగండి, లేదా ఉమ్మి మింగండి.

గొంతు అప్పటికే పోయిందా? రెండు రోజులు మౌనం. మౌనమంటే గుసగుసలు కాదు, బలవంతంగా గుసగుసలాడితే గొంతు ఇంకా బిగుసుకుంటుంది. పలక మీద రాసి చూపించండి, పిల్లలకు సరదాగా కూడా ఉంటుంది. ఆవిరి పట్టవచ్చు. మింగినదానిలా కాదు, ఆవిరి స్వరతంత్రుల దాకా వెళ్తుంది.

మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే చిట్కాలన్నీ పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగరెట్, జర్దా అలవాటున్నా, ఉమ్మిలో రక్తం కనిపించినా, మింగడం కష్టమైనా అన్ని రోజులు కూడా ఆగొద్దు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికే. మా లెక్కల మాస్టారు రెండు నెలలు కషాయాలతో నెట్టుకొచ్చి వెళ్తే స్వరతంత్రుల మీద బుడిపెలు కనిపించాయి. కెమెరా గొట్టం అనగానే ఆయన భయపడ్డారు గానీ, చూడటానికి పట్టింది కొద్ది నిమిషాలే.