చిన్న ట్రాక్టర్ వెనుక టైర్లలో నీళ్లు నింపడం ఎలా?

చెల్కలో కల్టివేటర్ దించగానే వెనుక చక్రాలు ఉన్నచోటనే తిరుగుతున్నాయంటే, చాలాసార్లు తక్కువైంది ఇంజన్ బలం కాదు, చక్రం మీది బరువు. ఇందుకు ఇనుప బిళ్లలు కొనవద్దు, నీళ్లే నింపాలి. లీటరు నీళ్లంటే కిలో బరువు, అది ఎక్కువగా చక్రం కింది వైపే ఉంటుంది కనుక బండి నిలకడ కూడా పెరుగుతుంది. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పు కలుపుతారు. వరంగల్ చలికి ఆ అవసరం లేదు, పైగా ట్యూబు కారితే ఆ ఉప్పు రిమ్మును తినేస్తుంది.

గట్టి నేల మీద, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా బండిని కదిపి ఆపి, గేరులో ఉంచి, బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపండి. వాల్వు లోపలి పిన్ను తీసి, గాలి పోయాక వాల్వుకు పైపు బిగించి శుభ్రమైన నీళ్లు వదలండి.

పని చెడేది ఇక్కడే. లోపల మిగిలిన గాలి బయటికి పోకపోతే నీళ్లు ఎక్కవు కనుక, మధ్యమధ్య పైపు తీసి గాలిని వదులుతూ ఉండాలి. గాలికి బదులు నీళ్లు చిమ్మితే అక్కడితో ఆపాలి. అప్పటికి టైరు సుమారు 75 శాతం నిండి ఉంటుంది. మిగిలిన జాగా గాలిదే, దాన్ని కూడా నింపుదామనుకోవడం పెద్ద తప్పు. నీళ్లు గాలిలా అణగవు కనుక, నిండా నింపిన టైరు బండలా బిగుసుకుపోయి, రాయి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బను రిమ్ముకూ ట్యూబుకూ చేరవేస్తుంది. వాల్వు పక్కకు ఒరిగి ఉంటే నీళ్లు తక్కువ పడతాయి. రెండు టైర్లలో మట్టం తేడా వస్తే బరువు ఒక పక్కకే ఎక్కువై, ఒక చక్రం పట్టు దొరికి రెండోది జారుతుంది. అందుకే వాల్వు స్థానాన్ని రెండు వైపులా కంటితో సరిచూడకుండా నీళ్లు వదలవద్దు.

తర్వాత పిన్ను బిగించి, ట్రాక్టర్ పుస్తకంలో చెప్పినంత గాలి కొట్టి, వాల్వు పైకి ఉన్నప్పుడే గేజీతో చూడండి. గాలికి మిగిలిన చోటు తక్కువ కనుక కొద్దిగా గాలి పోయినా ఒత్తిడి బాగా పడిపోతుంది. వారానికోసారి చూడడం తప్పనిసరి.

వరి మడిలో దమ్ము చేసేటప్పుడు మాత్రం ఈ బరువు బండిని దిగబడేలా చేస్తుంది. నాట్ల ముందు వాల్వు కిందికి వచ్చేలా బండిని కదిపి ఆపి, చక్రాన్ని మళ్లీ జాకీతో లేపి, పిన్ను తీసి నీళ్లు వదిలేసి, మళ్లీ గాలి నింపి, ఆపైనే కేజ్ వీల్స్ (బురదలో నడవడానికి వేసే ఇనుప చక్రాలు) బిగించండి.