గేమ్ మెషీన్ తెర మీద బొమ్మ వణుకుతోందా? సోల్డరింగ్ ఐరన్ పెట్టే ముందు చూడాల్సినవి

పిక్చర్ ట్యూబ్ మానిటర్ ఉన్న వీడియో గేమ్ మెషీన్‌లో బొమ్మ వణికితే చాలామంది ముందు చాసిస్ (మానిటర్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు) బయటికి లాగి కండెన్సర్లన్నీ మార్చేస్తారు. కొత్తవి పడ్డాక కూడా అదే వణుకు. రోగం ఎక్కడో నల్ల వైరులో ఉంటే కండెన్సర్లేం చేస్తాయి? గీతలు, వణుకు, నీడలు నాలుగు దారుల్లో వస్తాయి: ఇంటి కరెంటు, గేమ్ బోర్డుకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్, బోర్డు నుంచి మానిటర్‌కు పోయే వైర్లు, మానిటర్ చాసిస్. ఏ దారిలో వస్తోందో ముందు తేల్చుకుంటే పని సగం అయిపోయినట్టే.

ఒక సంగతి ముందే చెప్పాలి. నెట్‌లో దొరికే గైడ్లు ఎక్కువగా అమెరికా వాళ్లవి. హమ్ (ఇంటి కరెంటు అల బొమ్మలోకి చేరడం) ఉంటే నల్ల పట్టీ ఒకటి తెర మీద మెల్లగా పాకుతుందని రాస్తారు. అక్కడ మెయిన్స్, అంటే ఇంటి కరెంటు, 60 హెర్ట్జ్, గేమ్ బొమ్మ కూడా దాదాపు 60. రెండింటికీ తేడా చాలా తక్కువ కాబట్టి పట్టీ నిదానంగా జరుగుతుంది. మన మెయిన్స్ 50. తేడా సెకనుకు 10 కాబట్టి పాకే పట్టీ కంటికి చిక్కదు. బొమ్మ అంచులు చలిజ్వరం పట్టినట్టు వణుకుతాయి, వెలుతురు మినుకుమంటుంది. పట్టీ కనపడలేదు కాబట్టి హమ్ కాదనుకోకండి. హైదరాబాద్‌లో హమ్ అంటే ఈ వణుకే.

ఇక జాగ్రత్త. పిక్చర్ ట్యూబ్ యానోడ్ (ట్యూబ్ మీద రబ్బరు టోపీ కింద ఉండే హైవోల్టేజీ కనెక్షన్) మీద 20 వేల వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ తీసినా నిలిచి ఉంటుంది. ప్లగ్ తీసి, ట్యూబ్ వెనక అడ్డంగా సాగి ఉన్న జడ అల్లిక ఎర్త్ తీగకు క్లిప్ వైరు ఒక కొస పెట్టి, రెండో కొస మంచి ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కు తగిలించండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రబ్బరు టోపీ కిందికి స్క్రూడ్రైవర్ మొన నెమ్మదిగా దూర్చండి. టప్‌మంటుంది. ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యండి, కొంత చార్జి తిరిగి చేరుతుంది. 230 వోల్టుల నుంచి నేరుగా నడిచే చాసిస్‌లో మెయిన్ ఫిల్టర్ కండెన్సర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. దాన్ని 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో దించి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. గదిలో ఫ్యాన్లు, ఎల్‌ఈడీ లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ బొమ్మ చూడండి. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ లోపలి ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకు 100 సార్లు కరెంటును కోస్తుంది. తెర మీద అది అడ్డంగా చుక్కల వరసలా కనిపిస్తుంది. ఫ్యాన్‌ను ఫుల్ స్పీడులో పెడితే చుక్కలు మాయమైతే దొంగ దొరికినట్టే. కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కినప్పుడే గీతలు వస్తుంటే, అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. మెషీన్‌ను ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించడం తప్ప దానికి తేలికైన మందు లేదు.

రెండోది: మెషీన్ ఆపి, మానిటర్ దగ్గర వీడియో కనెక్టర్ ఊడదీసి, మళ్లీ ఆన్ చెయ్యండి. తెర నల్లగా ఉంటే ఎల్‌ఓటీ (హైవోల్టేజీ పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) మీది స్క్రీన్ కంట్రోల్‌ను, అంటే వెలుతురు పెంచే నాబ్‌ను, కొద్దిగా పెంచండి. పాత చోటును ముందే మార్కర్‌తో గీసి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత నలుపు నలుపుగా రాదు. ఖాళీ వెలుతురు అంచులు కూడా వణుకుతుంటే తప్పు చాసిస్‌లో. అంచులు గీత గీసినట్టు నిలబడితే చాసిస్ జోలికి పోకండి, తప్పు వైర్లలోనో, బోర్డు సప్లైలోనో ఉంది.

వైర్ల సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎక్కువ మెషీన్లు చెడేది ఇక్కడే. గేమ్ బోర్డును మెషీన్‌కు కలిపే 56 పిన్నుల జమ్మా కనెక్టర్‌లో పార్ట్స్ వైపు 12 ఎరుపు, 13 నీలం, 14 వీడియో గ్రౌండ్. సోల్డర్ వైపు ఎన్ ఆకుపచ్చ, పి సింక్ (బొమ్మను తెర మీద నిలబెట్టే సిగ్నల్). చాలా హార్నెస్‌లలో (మెషీన్ లోపలి వైర్ల కట్టల్లో) 14వ పిన్ను వైరు తెగిపోయి ఉంటుంది, లేదా అసలు వెయ్యకుండా మానిటర్ గ్రౌండ్‌ను ఎస్‌ఎంపీఎస్ నల్ల (గ్రౌండ్) వైరుకే కలిపేస్తారు. బొమ్మ వస్తుంది, కానీ లెక్క చూడండి. బోర్డు 3 ఆంపియర్లు లాగుతోంది, సన్నటి నల్ల వైరు, వదులు క్రింపు కలిపి 0.1 ఓం ఉంది అనుకుంటే దాని మీద 0.3 వోల్టు పడుతుంది. బోర్డు లాగే కరెంటు హెచ్చుతగ్గులన్నీ ఆ 0.3 వోల్టులో ఊగుతూ నేరుగా వీడియోలో కలుస్తాయి. గేమ్‌లో పేలుడు వచ్చినప్పుడు, స్పీకర్ గట్టిగా మోగినప్పుడు బొమ్మ కదులుతోందంటే కారణం ఇదే.

కొలవడం సులువు. మెషీన్ ఆన్‌లో ఉండగా మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బోర్డు అంచు గ్రౌండ్ మీద, రెండోది మానిటర్ వీడియో గ్రౌండ్ పిన్ను మీద ఆనించండి. 50 మిల్లీవోల్టులు దాటితే వైరింగ్ మార్చాలి. 14వ పిన్ను నుంచి మానిటర్‌కు విడిగా ఒక వైరు వెయ్యండి. బోర్డు గ్రౌండ్ పిన్నుల్లో 1, 2, ఎ, బి నాలుగింటికీ ఎస్‌ఎంపీఎస్ నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైర్లు లాగండి. ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైర్లకు) షీల్డ్ కేబుల్ వాడితే షీల్డ్‌ను బోర్డు వైపు మాత్రమే కలపాలి. రెండు కొసలా కలిపితే షీల్డే కరెంటు దారి అయి కూర్చుంటుంది. బోర్డు అంచు రాగి పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవండి. అక్కడ 5 వోల్టులు 5.0 నుంచి 5.1 మధ్య రావాలి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర సరిగ్గా ఉండి బోర్డు దగ్గర 4.7 చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ మీద వోల్టేజీ పెంచే పాట్ తిప్పకండి, వైరు మార్చండి.

వీడియో గ్రౌండ్ వైరు వేసే ముందు తప్పకుండా చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్లగ్ తీసి, ప్లగ్ రెండు పిన్నులకూ మానిటర్ వీడియో గ్రౌండ్‌కూ మధ్య ఓమ్స్ చూడండి. మెగా ఓముల్లో ఉండాలి. తక్కువ చూపిస్తే అది లైవ్ చాసిస్, అంటే దాని గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కలిపితే బోర్డు కాలుతుంది, కాయిన్ డోర్ ముట్టుకున్న పిల్లాడికి షాక్ కొడుతుంది.

ఎర్తింగ్ విషయానికొస్తే, పాత ఇళ్లలో, అద్దె షాపుల్లో మూడో పిన్ను వెనక వైరే ఉండకపోవచ్చు. సాకెట్లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. మొదటిది 100 చుట్టూ తేలుతుంటే ఎర్త్ లేదు. ఎర్త్ లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కండెన్సర్లు మెషీన్ ఇనుప భాగాలన్నిటినీ మెయిన్స్‌లో సగం వోల్టేజీకి తేలుస్తాయి. కంట్రోల్ ప్యానెల్ తాకితే చురుక్కుమనేదీ, తెర మీద సన్నగా ఏటవాలు గీతలు వేసేదీ ఇదే. సాకెట్‌కు ఎర్త్ వేయించడం ఎలక్ట్రీషియన్ పని.

ఎర్త్ ఉన్నా ఏటవాలు గీతలు పోకపోతే బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి ఆన్ చేసి, 5, 12 వోల్టులు దాన్నుంచి ఇచ్చి చూడండి. గీతలు పోతే పాతదాన్ని మార్చేయండి, రిపేరు కూలికే కొత్తది వస్తుంది.

రెండో పరీక్షలో చాసిస్ దొంగని తేలితే ఇప్పుడు కండెన్సర్ల వంతు. బీప్లస్ లైను (చాసిస్‌ను నడిపే ముఖ్యమైన డీసీ సప్లై) మీద రిపుల్, అంటే డీసీలో మిగిలిన ఏసీ అల, ఎంతుందో చూడాలి. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి, అందుకని ఎర్ర ప్రోబుకు 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కండెన్సర్ సిరీస్‌లో పెట్టండి. నల్ల ప్రోబు బీప్లస్ వైపు గ్రౌండ్ మీదే ఉండాలి, హాట్ వైపు (మెయిన్స్‌కు నేరుగా కలిసిన వైపు) గ్రౌండ్ మీద కాదు. ఒక వోల్టు దాటితే మెయిన్ ఫిల్టర్‌నూ బీప్లస్ ఫిల్టర్‌నూ మార్చండి. మైక్రోఫారడ్లు అదే విలువ, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలవి. మే నెలలో మూసిన డబ్బా లోపల 85 డిగ్రీల రకం త్వరగా ఎండిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగేటప్పుడు పాత కండెన్సర్ చేతిలో పెట్టుకెళ్లండి, కాళ్ల మధ్య దూరం, ఎత్తు కూడా సరిపోవాలి. పనిలో పనిగా ఎల్‌ఓటీ, హారిజాంటల్ ట్రాన్సిస్టర్, యోక్ (ట్యూబ్ మెడ మీది తీగ చుట్ట) కనెక్టర్ కాళ్ల చుట్టూ భూతద్దంతో చూడండి. కాలి చుట్టూ వెంట్రుకంత నల్ల ఉంగరం కనిపిస్తే అది డ్రై సోల్డర్. పాత సీసం పీల్చేసి 60/40 సోల్డర్‌తో కొత్తగా పెట్టండి.

మూలల్లో రంగు మచ్చ ఉంటే అది వేరే కరెంటు చేరడం వల్ల వచ్చే ఇంటర్‌ఫియరెన్స్ అసలే కాదు, అయస్కాంతం. స్పీకర్‌ను దూరం జరిపి, మెషీన్ ఆపి అరగంట చల్లారనిచ్చి ఆన్ చెయ్యండి. ట్యూబ్‌కు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్ సర్క్యూట్ వేడి మీద పని చెయ్యదు, వెంటవెంటనే స్విచ్ వేసి తీసి లాభం లేదు.