సిర్కా షర్బత్ ఇంట్లో చేసుకోవడం ఎట్ల (ఎండాకాలం కోసం)

ఏప్రిల్ వచ్చిందంటే మా కర్నూల్లో పదకొండు గంటలకే రోడ్డు మీద మనిషి కనపడడు, కనపడినా నన్నారి షర్బత్ బండి దగ్గరే కనపడతాడు. నన్నారి అంటే నాకూ ప్రాణమే, కాకపోతే రోజూ అదే తాగి తాగి విసుగొచ్చినప్పుడు మా పక్కింటి బూబమ్మ ఒక గ్లాసు ఇచ్చింది, తియ్యగా పుల్లగా, పుదీనా వాసన, చివర్లో ముక్కులోకి కొంచెం ఘాటు. ఏంది పెద్దమ్మా ఇది అంటే "సికంజబీన్ నాయనా, సిర్కాతో చేస్తాం" అనింది. సిర్కా అంటే వెనిగరే. చైనీస్ నూడుల్స్‌లో పోసుకునే దాన్ని తాగడమేందిరా అనుకున్న నేను ఇప్పుడు ప్రతి ఎండాకాలం రెండు సీసాలు చేసి పెట్టుకుంటా.

పేరు పర్షియా వాళ్లది, సెర్కే అంటే వెనిగర్, అంగబీన్ అంటే తేనె. గ్రీకు వైద్యులు కూడా తేనె వెనిగర్ కలిపి దగ్గుకి ఇచ్చేవాళ్లు, అదే యునాని వైద్యంలోకి వచ్చింది, యునాని హకీములు ఉండే మన కర్నూలు లాంటి ఊర్లలో ఇంట్లో ముసలోళ్లకి ఈ పేరు తెలిసి ఉండడం వింతేం కాదు. ఉత్తరాదిలో శికంజి అని నిమ్మకాయతో చేసేది కూడా ఈ పేరులోంచి వచ్చిందే.

ముందు వెనిగర్ కొనేటప్పుడు చూసుకోవల్సింది ఒకటే, కానీ అందరూ అక్కడే తప్పుతారు, నేనూ తప్పినా. కిరాణా కొట్లో తెల్లగా నీళ్లలాగ ఉండే చీప్ బాటిల్ తెచ్చి మొదటిసారి చేస్తే గొంతులో మండి సగం పారబోసినా. తర్వాత లేబుల్ చదివితే చిన్న అక్షరాల్లో సింథటిక్ అని ఉండాది, అంటే ఎసిటిక్ యాసిడ్‌ని నీళ్లలో కలిపింది, ఊరగాయకో గిన్నెలు తోమడానికో సరిపోతాది గానీ షర్బత్‌లో దానికి రుచీ ఉండదు పచీ ఉండదు. తాగడానికి పులియబెట్టి చేసింది కావల్ల, అంటే బ్రూడ్ అని రాసుండే చెరుకు వెనిగరో, యాపిల్ సైడర్ వెనిగరో, దొరికితే నేరేడు సిర్కానో. సీసా అడుగున మడ్డి ఉంటే భయపడొద్దు, దాన్నే మదర్ అంటారు, సిర్కాని పులియబెట్టే బ్యాక్టీరియా కట్టే మడ్డి అది.

ఇక చేసే విధానం. ఒకే గ్లాసుతో అన్నీ కొలుచుకోండి. రెండు గ్లాసుల చక్కెర, ఒక గ్లాసు నీళ్లు స్టీల్ గిన్నెలో పెట్టి (ఇత్తడి, రాగి, అల్యూమినియం వద్దు, పులుపుకి కిలుం వస్తాది లేదా పులుపు గిన్నెని తినేస్తాది) చక్కెర కరిగినాక పది నిమిషాలు సన్నని మంట మీద మరగనీయండి. అర గ్లాసు సిర్కా పోసి ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు. సిర్కా పోసేటప్పుడు గిన్నె మీదికి వంగొద్దు, ఆవిరి కండ్లల్లోకి కొడతాది, మా ఇంట్లో మా అమ్మ హాల్లో నుంచే దగ్గింది, కాబట్టి కిటికీ తీసి పెట్టుకోండి. తేనె కంటే కొంచెం పల్చగా ఉన్నప్పుడే దింపేయల్ల, తీగ పాకం వచ్చేదాకా ఆగితే సల్లారినాక గడ్డ కడతాది. దింపిన వెంటనే కడిగి ఆరబెట్టిన పుదీనా కట్ట ఒకటి కాడలతో సహా ముంచేసి మూత పెట్టండి, సల్లారినాక ఆకు పిండి తీసేయండి. ఆకు లోపలే వదిలేస్తే నల్లబడి చేదొస్తాది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెల పైనే ఉంటాది, సీసా మూత ఇనుపది కాకుండా చూసుకోండి, తుప్పు పడతాది.

తాగేటప్పుడు ఒక వంతు పాకానికి ఆరేడు వంతుల నీళ్లు. కుండ నీళ్లయితే అసలు ఐస్ అవసరం లేదు. అనంతపురం పులివెందుల సైడు చీనీకాయలు చవగ్గా ఉన్నప్పుడు నేను నీళ్లు సగం తగ్గించి చీనీ రసం పోస్తా, అది ఇంకో లెవెల్.

స్టవ్ పెట్టే ఓపిక లేనోళ్లకి ఇంకోటి ఉండాది. అమెరికాలో 1800ల్లో గడ్డి కోసే కూలోళ్లకి పొలంలోకి తీసుకుపోయేవాళ్లంట, స్విచెల్ అంటారు, నీళ్లు వెనిగర్ అల్లం మొలాసిస్ (చక్కెర తీసినాక మిగిలే నల్లటి చెరుకు పాకం). మొలాసిస్ తీసేసి బెల్లం పెట్టండి, ఇంకేముంది, మన శ్రీరామనవమి పానకమే కదా! ఒక లీటర్ నీళ్లు, పెద్ద నిమ్మకాయంత బెల్లం, బొటనవేలంత అల్లం దంచి, రెండు పెద్ద స్పూన్ల సిర్కా, చిటికెడు ఉప్పు, అరగంట నానబెట్టి వడకట్టుకోండి. చెనిక్కాయ పీకేటప్పుడు చేనికి ఒకసారి క్యాన్‌లో తీసుకుపోయినా, కూలోళ్లు మొదట వాసన చూసి కళ్లు మూసినారు గానీ మధ్యాహ్నానికి క్యాన్ ఖాళీ.

ఇంట్లోనే సిర్కా తయారు చేసుకోవచ్చా అంటే చేసుకోవచ్చు, చెరుకు రసం పులిసి ముందు కల్లులాగ అయ్యి, తర్వాత గాలి తగిలేకొద్దీ సిర్కా అయితాది, వారాలు నెలలు పడతాది, గుడ్డ కట్టకపోతే పండు ఈగలు. నేను ఒక్కసారి చేసి ఊరుకున్నా.

ఇప్పుడు మందు సంగతి. వాట్సాప్‌లో పొద్దున్నే పరగడుపున రెండు స్పూన్ల సిర్కా అట్లే గటుక్కున మింగమంటారు చూడండి, ఆ పని మాత్రం చేయొద్దు. మా ఫ్రెండు ఒకడు నాలుగు నెలలు అట్ల చేసి పళ్లు జివ్వుమంటున్నాయని డాక్టర్ దగ్గరికి పోతే ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) అరిగిందన్నాడు. నీళ్లలో కలిపే తాగల్ల, తాగినాక నోరు పుక్కిలించల్ల, అరగంట దాకా బ్రష్ పట్టొద్దు. అన్నంతోపాటు తీసుకుంటే షుగర్ పెరగడం కొంచెం తగ్గుతాదని చిన్న చిన్న స్టడీల్లో తేలింది నిజమే, కానీ మనం పైన చేసింది చక్కెర పాకం, షుగర్ ఉన్నోళ్లు దాన్ని మందు అనుకుంటే కథ అడ్డం తిరుగుతాది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, ఒంట్లో నీళ్లు తగ్గించే మాత్రలు వాడేవాళ్లు రోజూ తాగాలంటే డాక్టర్‌ని అడగండి, కడుపులో పుండు, ఛాతీ మంట ఉన్నోళ్లు జోలికే పోవద్దు. గొంతు గరగరకి గోరువెచ్చని నీళ్లలో తేనె ఒక స్పూను, సిర్కా ఒక చిన్న స్పూను వేసుకుంటే హాయిగా ఉంటాది (ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, గుర్తుంచుకోండి). వడదెబ్బకి మాత్రం ఇది మందు కాదు. తల తిరగడం, వాంతులు మొదలైతే నీడకి చేర్చి ఓఆర్ఎస్ పట్టించండి, మనిషి మాటలు తడబడితే, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఒంటి మీద నీళ్లు చల్లుతూ ఆస్పత్రికి తీసుకుపోండి, షర్బత్ చేసుకుంటా కూర్చోవద్దు.

ఇంకోటి మర్చిపోయినా, ఇరాన్ వాళ్లు ఈ పాకాన్ని నీళ్లు కలపకుండా చిన్న గిన్నెలో పెట్టుకొని లెట్యూస్ ఆకు ముంచుకొని తింటారు. మాకు లెట్యూస్ ఎక్కడిది, కీరా ముక్కలు పొడుగ్గా కోసి ముంచుకుంటాం, ఒక్కోసారి ఉగ్గాని పక్కన ఉల్లిపాయ ముక్కల మీద ఒక స్పూను చల్లుతాం. మా నాన్నయితే మిరపకాయ బజ్జీ కూడా ముంచినాడు, బూబమ్మ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.